లత, పాదు, పందిరి: ఇంటి తీగను గురించిన తెలుగు ఊహ

తెలుగు సాహిత్య విమర్శలో లతా ప్రతీకను గురించిన చర్చ సాధారణంగా స్త్రీవర్ణన దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. లత సుకుమారమైనది, సన్ననిది, నిలబడడానికి మరొకరి ఆసరా కావలసినది. అందువల్ల కవులు దానిని స్త్రీకి ఉపమానం చేశారు. ఆ ఉపమానం స్త్రీని పరాధీనగా చూసే దృష్టికి నిదర్శనం. ఈ వాదక్రమం ఇప్పుడు తరగతిగదిలో సైతం సుపరిచితం. ఇందులో తప్పు పట్టవలసిన మెట్టు లేదు. అయితే మొదటి మెట్టుకు ముందే ఒక వదలివేత ఉంది. ఇంటి ఆవరణలో మనుషులు గింజ నాటి, నీరుపోసి, పాకించి, కాయ కోసుకున్న తీగకూ, కావ్యంలో తీపిమావిని పెనవేసుకున్న తీగకూ ఉన్న భేదాన్ని ఈ చర్చ పట్టించుకోలేదు.

ఈ భేదం వృక్షశాస్త్ర సంబంధమైనది మాత్రమే అయితే సాహిత్య వ్యాసంలో దానికి చోటు అక్కరలేదు. కాని తెలుగు భాష ఈ రెండు తీగలకూ వేరువేరు పదజాలాలను ఏర్పరచుకుంది. ఒకటి కవులది, మరొకటి పెరటిది. సాహిత్యచరిత్ర మొదటి పదజాలాన్ని అలంకారంగా గుర్తించి, రెండవదానిని వట్టి వస్తువుల పేర్లుగా వదలిపెట్టింది. తత్ఫలితంగా లతా ప్రతీకను మెచ్చినవారూ, నిరసించినవారూ ఒకే తీగను చూస్తూ వచ్చారు. రెండవ తీగను కూడా చర్చలోకి తెచ్చినప్పుడు ఆ ప్రతీక మీద ఇప్పటివరకు వెలువడిన తీర్పులలో ఏది నిలుస్తుంది, దేనిని సవరించుకోవలసి వస్తుంది అన్నది ఇక్కడి పరిశీలన.

మాటల సాక్ష్యం

తెలుగులో 'తీగ' విశాలమైన మాట. మొక్కకూ, లోహపు తంతువుకూ, వీణ తంత్రికీ అదే పేరు. మెరుపు కూడా తీగే. పాకం ముదిరితే తీగసాగుతుంది. ఈ ప్రయోగాలన్నింటిలోనూ నిలిచిన గుణం పొడవు, సన్నదనం, సాగే స్వభావం. కవులు వాడిన 'తీగబోడి', సంస్కృతం నుంచి వచ్చిన 'లతాంగి', 'బాహులత', 'భ్రూలత', 'తనూలత' ఈ గుణం మీదనే నిలిచాయి. ఈ సమాసాలను వరుసగా పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. వీటిలోని తీగకు వేరు లేదు, కాయ లేదు, ఆకు ఉన్నా లెక్కకు రాదు. వంపు ఒక్కటే ఉంది.

పెరటి మాట వేరు. ఆనపపాదు, బీరపాదు, కాకరపాదు, పొట్లపాదు, గుమ్మడిపాదు అంటారు. ఆనపలత అన్నవారు లేరు. అన్నా నవ్వు తెప్పించడానికే అయి ఉంటుంది. అలాగే మాధవీలత, మాలతీలత ఉన్నాయి గాని మాధవీపాదు వినబడదు. మల్లె, జాజి మాత్రం రెండు భాషల సరిహద్దు మీద ఉన్నాయి. వాటికి లత అన్న గౌరవమూ దక్కింది, పాదు అన్న చనువూ దక్కింది. పూజకూ జడకూ పనికివచ్చే పువ్వు పూస్తూ పెరట్లో పెరగడం ఇందుకు కారణం కావచ్చు.

'పాదు' అనే మాటకు మొదటి అర్థం మొక్క మొదట నీరు నిలవడానికి చేసిన పల్లం. ఆ పల్లం పేరే దానిలోంచి లేచిన తీగకు పేరయింది. అంటే పెరటిభాష తీగను అది ఎక్కిన దానినిబట్టి కాక, అది వేరూనిన చోటునుబట్టి పిలిచింది. ఇదే మాట నుంచి 'పాదుకొను' వచ్చింది. స్థిరపడడం, నెలకొనడం దాని అర్థం. ఇది ఒంటరి ఉదాహరణ కాదు. మొక్క మొదటి పల్లానికి ఉన్న మరో తెలుగు పేరు 'కుదురు'. కుదురైన మనిషి, కుదురు లేని మనసు అన్న వాడుకలు అందరికీ తెలిసినవే. కుండ దొర్లిపోకుండా కింద పెట్టే చుట్టకూ అదే పేరు. సంస్కృతంలో ఈ పల్లం పేరు 'ఆలవాలం'. తెలుగులో ఆ మాటకు మూలార్థం మరుగునపడి, నెలవు అనే అర్థం మిగిలింది. ఒకరు సుగుణాలకు ఆలవాలం అవుతారు, ఒక ఊరు విద్యకు ఆలవాలం అవుతుంది. నీరుపోసే గుంటకు ఉన్న మూడు పేర్లూ తెలుగులో స్థిరత్వాన్ని, నివాసాన్ని చెప్పే మాటలుగా పరిణమించాయి. తీగను అస్థిరతకు, పరాశ్రయానికి ప్రతీకగా స్వీకరించిన సాహిత్యం పక్కనే, అదే తీగ మొదటి గుంటను స్థిరత్వానికి కొలమానం చేసుకున్న భాష ఉన్నది. విమర్శ మొదటిదాన్ని చదివింది. రెండవది నిఘంటువులకు పరిమితమైంది.

కావ్యంలో తీగకు నీరు పోసినవారు

కావ్యలతను గురించి స్థూలంగా తీర్పు చెప్పడం కూడా సులభం కాదు. లతను వధువుగా, వృక్షాన్ని వరుడుగా భావించే సంప్రదాయానికి అందరూ చూపే ఉదాహరణ కాళిదాసు 'అభిజ్ఞాన శాకుంతలం'. పిల్లలమర్రి పినవీరభద్రుడు శకుంతల కథను ప్రబంధం చేశాడు. కందుకూరి వీరేశలింగం ఆ నాటకాన్ని తెలుగు చేశాడు. ఈ కథలోని తీగ కాబట్టి తెలుగు పాఠకుడికి పరాయిది కాదు. ప్రథమాంకంలో శకుంతల 'వనజ్యోత్స్న' అని పేరుపెట్టుకున్న నవమల్లిక సహకారవృక్షాన్ని స్వయంగా వరించిన వధువుగా సఖుల మాటల్లో కనిపిస్తుంది. చతుర్థాంకంలో కణ్వుడు కూతురికి తగిన భర్త, తీగకు తగిన చెట్టు దొరికాయనీ, ఇద్దరి విషయంలోనూ తనకు చింత తీరిందనీ అంటాడు. తండ్రి దృష్టిలో కూతురూ తీగా ఒకే లెక్కలోని రెండు పద్దులు. లతా ప్రతీక మీద వచ్చిన ఆక్షేపణ అంతటికీ ఈ ఘట్టం ఆధారం కాగలదు. (మావికి సంస్కృతంలో ఉన్న 'సహకారం' అనే పేరు తెలుగులో తోడ్పాటుకు మాట కావడం ఈ దాంపత్యానికి విచిత్రమైన వ్యాఖ్యలా ఉంటుంది.)

కాని అదే నాటకంలో శకుంతలకూ తీగకూ ఉన్న సంబంధం ఇది కాదు. చెట్లకు నీరుపోయడం తండ్రి ఆజ్ఞ మాత్రమే కాదనీ, వాటిమీద తనకు తోబుట్టువు ప్రేమ ఉన్నదనీ ఆమె మొదటే చెబుతుంది. వీడ్కోలు వేళ తీగను సోదరిగా భావించి కౌగిలించుకుంటుంది. దానిని సఖులకు అప్పగిస్తుంది. అప్పుడు సఖులు, తమను ఎవరికి అప్పగించావని కన్నీరు పెడతారు. మావి చెట్టు అక్కడే ఉండగా తీగను మళ్ళీ మనుషులకు అప్పగించడం ఎందుకు? ఆసరా దొరికినంత మాత్రాన తీగ బతకదు గనుక. రోజూ నీరుపోసే చేయి కావాలి. కణ్వుడు ఆసరాను చూశాడు, శకుంతల పాదును చూసింది. ఆసరా విషయంలో ఆయన నిశ్చింత ఎంతకాలం నిలిచిందో తరువాతి అంకంలో రాజసభ చెబుతుంది. మావి తీగను ఎరుగనని అనలేదు.

'విక్రమోర్వశీయం'లో పరిస్థితి మరింత కఠినమైనది. అలిగిన ఊర్వశి స్త్రీలకు ప్రవేశం లేని కుమారవనంలో అడుగుపెట్టి తీగగా మారిపోతుంది. పురూరవుడు వనమంతా తిరిగి, దొరికిన మణి ప్రభావంతో ఆ తీగను కౌగిలించుకున్నప్పుడు ఆమె మళ్ళీ స్త్రీ అవుతుంది. ఇక్కడ తీగ కావడమంటే మాట పోవడం. స్త్రీని లతతో పోల్చడానికీ, లతగా మార్చడానికీ మధ్య దూరం ఎంత తక్కువో ఈ కథ చూపుతుంది. దీనికి పూర్తిగా భిన్నమైన ఘట్టం పోతన భాగవత దశమస్కంధంలో ఉంది. కృష్ణుడు కనబడక గోపికలు వనంలోని చెట్టునూ పొదనూ అడుగుతూ పోతారు. మల్లెలను వారు ఆడబిడ్డతో మాట్లాడినట్లు పలకరిస్తారు. సమాధానం రాదు, అయినా మాట నడిచేది ఆడవారికీ తీగకూ మధ్య, ఇద్దరికీ తెలిసిన ఒక మూడో వ్యక్తిని గురించి. పురూరవుడి దృష్టిలో తీగ వెదకవలసిన వస్తువు. గోపికలకు అది చూసి ఉండదగిన సాక్షి. ఇంటి ఆడవారు పాదుతో మాట్లాడే తీరు ఈ రెండవదానికి దగ్గర.

'మేఘసందేశం'లోని యక్షుడి ఇంటితోటలో గోరింటకంచె ఉన్న మాధవీమండపం ఒకటి ఉంది. తెలుగు ప్రబంధాల ఉద్యానవనాల్లో ఇలాంటి పొదరిళ్ళకు లెక్కలేదు. ఇవన్నీ విహారస్థలాలు, లేదా విరహస్థలాలు. నాయిక అక్కడికి వెళుతుంది, చెలులు చిగుళ్ళు పరుస్తారు, చలువపూతలు పూస్తారు. ఆ పొదరింటిని ఎవరు కత్తిరించి, ఎవరు అల్లి నిలిపారో ప్రబంధకవికి పట్టలేదు.

పందిరి దగ్గర

ఇంటితీగ చరిత్ర ఆ పట్టని చోటనే ఉంది. తొలకరి వానలు పడ్డాక పెరట్లో గుంట తీసి, పెంటఎరువు వేసి, గింజ పెడతారు. గుంట ఎక్కడ తీయాలన్నది వంటింటి నీటిదారి నిర్ణయిస్తుంది. అంట్లు తోమిన నీరు, బియ్యం కడిగిన నీరు ఎటు పారుతాయో అటే పాదు. ఆకులమీద పురుగు కనబడితే చల్లేది పొయ్యిలోని బూడిద. ఆ విధంగా ఈ తీగ వంటింటి వ్యర్థంతో పెరిగి వంటింటికే తిరిగి వస్తుంది. మొలక జానెడు లేచాక పుల్ల గుచ్చి, పురికొస కట్టి, పందిరికో, పాకమీదికో దారి చూపాలి. కోస్తాలో ఆనపకాయ, రాయలసీమలో సొరకాయ, తెలంగాణలో ఆనిగెపుకాయ అని పేరు మారినా ఈ పని మారదు. రాయలసీమలో పందిరిని చప్పరమనడమూ ఉంది.

ఈ పనికి దానిదైన కాలజ్ఞానం ఉంది. గుమ్మడిపూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి. బీరపూలు దీపాలు పెట్టే వేళకు విచ్చుకుంటాయి. ఆనపపూలు చీకటిలో తెల్లగా కనబడుతూ రాత్రి తిరిగే రెక్కల పురుగులను పిలుస్తాయి. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడపువ్వు, లేకుంటే మగపువ్వు. తెలంగాణలో బతుకమ్మకు గుమ్మడిపూలు కోసే చేతులు ఈ తేడా తెలిసిన చేతులు. మగపూలు కోస్తే కాపుకు నష్టం ఉండదు. జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం'తో ఈ సంగతిని పోల్చి చూడవచ్చు. ఆ ఖండికలో తీగ తల్లి, పువ్వు బిడ్డ, కోయవచ్చిన మనిషి హంతకుడు. ఘంటసాల గళంతో ఇంటింటికీ చేరిన ఆ కరుణకు తెలుగువారి హృదయంలో చెరగని స్థానం ఉంది. అయినా అది పూజకు పూలు కోసేవాడి తోట. తీగను నాటి పెంచినవారు అందులో లేరు. ఉంటే పువ్వు అంత నిరాఘాటంగా మాట్లాడి ఉండేది కాదు.

పిందెను వేలితో చూపితే కుళ్ళిపోతుందన్న నమ్మకం కూడా ఈ జ్ఞానంలో భాగమే. లేత పిందెలో ఈగ గుడ్లు పెట్టడంవల్ల అది కుళ్ళుతుందని వ్యవసాయశాస్త్రం చెబుతుంది. నమ్మకం కారణాన్ని తప్పుగా చెప్పినా, పిందె దశలోనే ప్రమాదం ఉన్నదన్న సంగతిని సరిగానే గుర్తించింది.

పందిరి గోడకు ఎడంగా ఉండడం గమనించదగినది. సంప్రదాయపు తెలుగు ఇంట్లో తీగ దడి మీద పాకుతుంది, పందిరి ఎక్కుతుంది, తాటాకు కప్పుమీదికి పోతుంది. గోడను మాత్రం ముట్టుకోనివ్వరు. మట్టిగోడకు తడి పనికిరాదు. పండుగకు సున్నం వేసి, అంచులకు ఎర్రమన్ను పూయవలసిన గోడ అది. జెర్రి, పాము తీగచాటున ఇంట్లోకి వస్తాయన్న భయం కూడా ఉంది. కప్పు ఎలాగూ కొన్నేళ్ళకు మార్చేదే కాబట్టి దానిమీదికి అనుమతి ఉంటుంది. గోడ ఇంటి ముఖం. తీగ ఇంటికి చెందినదే గాని గోడకు చెందినది కాదు. ఈ ఎడమే పందిరిని అవసరం చేసింది. పందిరి చెట్టులా అక్కడ ముందే ఉన్నది కాదు. తీగకోసం గుంజలు పాతి, వెదురుబద్దలు పరచి కట్టినది. ఆసరా తీగను వెదుక్కుంటూ వచ్చిందని చెప్పడం కూడా తప్పు కాదు. పెళ్ళికి వేసేదీ పందిరే. ఆ పందిరి కింద కూర్చునే వధువును తీగతో పోల్చిన సంప్రదాయం, పందిరిని కట్టినవారి కష్టాన్ని గురించి మాత్రం మౌనం వహించింది.

ఇక్కడ శాస్త్రం విమర్శకు కొంత తోడ్పడుతుంది. చార్లెస్ డార్విన్ 1865లో ఎగబాకే మొక్కల మీద విస్తృతమైన వ్యాసం ప్రకటించి, 1875లో దానిని పుస్తకంగా తెచ్చాడు. కాండంతో చుట్టుకునేవి, ఆకులతో పట్టుకునేవి, నులితీగలతో పట్టుకునేవి, కొక్కేలతో ఎక్కేవి, వేళ్ళతో అంటుకునేవి అని ఆయన వేరుపరిచాడు. కావ్యంలోని మల్లి, మాలతి వంటివి మొదటి రకం. కవి చూసిన కౌగిలి కల్పన కాదు, అవి నిజంగానే చెట్టును చుట్టుకుంటాయి. ఆనప, బీర, గుమ్మడి, కాకర నులితీగల రకం. నులితీగ కొస మెల్లగా గాలిలో తిరుగుతూ వెదుకుతుంది. పుల్ల తగిలితే గంటల్లోనే చుట్టుకుంటుంది. ఆ తరువాతే అసలు పని మొదలవుతుంది. రెండు కొసలూ కట్టుబడిన నులితీగ మధ్యలో స్ప్రింగులా మెలితిరిగి పాదును పందిరివైపు లాగుతుంది. మెలిక సగం దూరం ఒకవైపు, తక్కిన సగం ఎదురువైపు తిరుగుతుంది. పెనుగాలిలో తీగ తెగకుండా సాగి మళ్ళీ ముడుచుకునేది దీనివల్లనే. దీన్ని చూడడానికి డార్విన్ పనిగట్టుకుని ఈదురుగాలి వేళ కంచె దగ్గరకు వెళ్ళాడు. ఏదీ దొరకని నులితీగ ఎండి రాలిపోతుంది.

దీనిని ఆనుకొనడం అనడం సరికాదు. వెదకడం, పట్టడం, లాగడం, సాగడం, ఓర్చడం అనే క్రియలు ఇందులో ఉన్నాయి. కావ్యభాషలో తీగకు 'పెనవేసుకొను' అనే క్రియ ప్రధానం. పెరటిభాష తీగను ఎక్కిస్తుంది, పాకిస్తుంది, మళ్ళిస్తుంది. తీగ అల్లుకుంటుంది, కమ్ముకుంటుంది, దారి తప్పి పొరుగువారి గోడ దాటుతుంది. ఆ దాటిన తీగకు కాసిన కాయ ఎవరిదన్నది పల్లెటూళ్ళలో చిన్న తగువు కాదు.

గోడకెక్కిన తీగ

గోడనే ఎక్కే తీగ తెలుగు ఇంటికి బంగళాతో వచ్చింది. సిమెంటుగోడ తడికి కరగదు, ఏటా సున్నం కోరదు. పట్నాల ప్రహరీగోడలను చిన్న ఆకులతో కప్పే ఫైకస్ ప్యుమిలా వేళ్ళతో అంటుకునే రకం. దాని వేళ్ళ నుంచి ఊరే జిగురు చుక్కలను కూడా డార్విన్ పరీక్షించాడు. దీనికి పాదు అక్కరలేదు, పందిరి అక్కరలేదు, కాయ కోసే పని లేదు. తెలుగులో దీనికి ఇంటిపేరు కూడా ఏర్పడలేదు, క్రీపర్ అంటారు. రాధామనోహరం, కాగితపుపూల తీగ గేటు మీదికి వంగి ఆ బంగళాకు శోభ తెచ్చాయి. యద్దనపూడి సులోచనారాణి తరం నవలల్లో బంగళా, కారు, పూలతోట మధ్యతరగతి కోరికకు చిహ్నాలన్న మాట కొత్తది కాదు. దానికి చేర్చవలసింది ఒకటే: ఆ తోటకు తోటమాలి ఉంటాడు. తీగ ఇంటావిడ చేతి నుంచి జీతగాడి చేతికి మారింది, వంటింటితో సంబంధం తెంచుకుంది, చూపుకు మాత్రమే మిగిలింది. వేరు కనబడని ప్రబంధలత మళ్ళీ ఇంటిముందుకు వచ్చిందనవచ్చు. ఆపార్టుమెంటు వసారాలో సీసానీళ్ళలో పెరిగే మనీప్లాంటు పసిఫిక్ మహాసముద్రంలోని ఒక దీవి మొక్క. దానికి మట్టి కూడా అవసరం లేకపోయింది.

చెట్టు కావాలన్న కోరిక

స్త్రీవాదం తెలుగులో లతా ప్రతీకను తిరస్కరించడం న్యాయమైనది, అవసరమైనది. ఓల్గా సంపాదకత్వంలో 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం నాటికి స్త్రీని పువ్వుగా, తీగగా, వెన్నెలగా చెప్పే భాషమీద తిరుగుబాటు స్పష్టమైన రూపం తీసుకుంది. అంతకుముందే అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు' కథలో ఆడపిల్ల పెంపకానికి కుండీలో కత్తిరించి పెంచిన మరుగుజ్జు చెట్టును ప్రతీక చేశారు. పాత ఉపమానాన్ని ఖండించకుండానే దాన్ని నిరుపయోగం చేసిన కథ అది. సుకుమారమైనదని మెచ్చుకునే రూపం కత్తెరతో తయారైనదని ఆమె చూపారు. (కలంపేరుగా 'లత' అనే అతిసుకుమారమైన మాటను ఎంచుకున్న తెన్నేటి హేమలత 'గాలిపడగలు – నీటిబుడగలు'లో వేశ్యల బతుకును రాయడం ఈ సందర్భంలో గుర్తుకు రాక మానదు.)

అయితే మరుగుజ్జు చెట్టుకు ప్రత్యామ్నాయంగా ఆ కథ పాఠకుడి మనసులో నిలిపేది నిండుగా ఎదిగిన చెట్టును. ఇస్మాయిల్ 'చెట్టు నా ఆదర్శం' అన్న పేరుతో కవితాసంపుటిని వెలువరించారు. వేరువేరు దారుల్లో నడిచిన ఈ ఇద్దరూ చెట్టు దగ్గర కలుస్తారు. తీగ నా ఆదర్శం అన్న కవి తెలుగులో లేడు. స్వయంగా నిలవడం, ఎవరినీ ఆనకపోవడం, నీడనివ్వడం అనే విలువలు చెట్టులో ఉన్నాయి. కాని ఎవరి ఆసరా లేకుండా నిలిచే వ్యక్తి అన్న భావనను స్త్రీవాదమే మరోచోట ప్రశ్నించింది. వండిపెట్టి, ఇల్లు అలికి, బిడ్డలను సాకిన చేతులు కనబడకుండా చేసినప్పుడే మగవాడు స్వయంగా నిలిచినట్లు కనిపిస్తాడని అది చెప్పింది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇంటిని అద్దంలా ఉంచే పనిలో తన పేరే మరచిపోతుంది. ఆ కథను పందిరి పక్కన పెట్టి చదివితే ప్రశ్న ఆసరా ఉండడం, లేకపోవడం మీద కాక, ఆసరాగా నిలిచినవారికి పేరు ఉండడం, లేకపోవడం మీదికి మళ్ళుతుంది. లతను తిరస్కరించి చెట్టును కోరుకున్న విమర్శ, కావ్యం గీసిన బొమ్మలోనే పాత్రలను మార్చింది. బొమ్మలో పాదుకు అప్పుడూ చోటు లేదు, ఇప్పుడూ లేదు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. పెరటితీగను కీర్తించడం స్త్రీ వెట్టిచాకిరీని కీర్తించడమే కావచ్చు. అంట్లు తోమిన నీటితో పాదు పెంచిన ఇల్లాలికి ఆ నీటిని మోయడం ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. పాదును ప్రతీకగా ఎత్తిపట్టే విమర్శ, లతను ప్రతీకగా ఎత్తిపట్టిన కవిత్వంకంటే ఆమెకు ఎక్కువ మేలు చేస్తుందన్న హామీ లేదు. ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. ఎందుకంటే పెరటిభాష అంతా నిర్దోషమైనది కాదు. 'తీగకు కాయ బరువా' అన్న సామెత అందుకు సాక్ష్యం. ఎంతమంది బిడ్డలున్నా తల్లికి బరువు కాదన్న అర్థంలో దీనిని వాడతారు. ప్రశ్నరూపంలో ఉన్నా ఇది ప్రశ్న కాదు. జవాబు ముందే నిర్ణయమైపోయింది, ఆ జవాబు చెప్పే అవకాశం తీగకు లేదు. ఊర్వశి తీగగా మారినప్పుడు పోయిన మాట ఈ సామెతలోనూ పోయింది. అనురాగానికి ఉదాహరణగా ఈ సామెతను పాఠాల్లో వాడేటప్పుడు ఈ మౌనాన్ని కూడా చెప్పవలసి ఉంటుంది.

అయితే ఈ సామెతకు ఖండన కూడా పెరట్లోనే దొరుకుతుంది. పందిరి కింద గుమ్మడికాయ ముదిరి వేలాడేటప్పుడు దాన్ని అలాగే వదలిపెట్టరు. పాతగుడ్డను ఊయలలా చేసో, తాటినారతో ఉట్టి అల్లో కాయ కింద అమర్చి, బరువు తీగమీద పడకుండా చూస్తారు. కప్పుమీది కాయకు కింద గడ్డిచుట్ట పెడతారు; దాని పేరు కుదురు. తీగకు కాయ బరువేనని తెలిసినవారు చేసే పనులివి. సామెత చెప్పిన నోరూ, ఉట్టి కట్టిన చేయీ చాలాసార్లు ఒకే మనిషివి. ఉట్టి తాళ్ళు తీగకు తగలకుండా నేరుగా పందిరి వాసానికి ముడివేస్తారు. పందిరి కుంగితే కింద మరో గుంజ పాతుతారు.